హార్మోనియంతో రెండో మైలు

ఆ రోజుల్లో నాకు బైబిల్లో అర్థం కాని చోటంటూ ఉండేది కాదు. ఇప్పుడేమో అర్థమైన చోటు కోసం వెతుక్కుంటున్నాను. ఇరవై ఏళ్ళ వయసు అలాంటిది. చదివిందల్లా అర్థమైపోయినట్టూ, అర్థమైందల్లా రేపు పొద్దుటికల్లా చేసి చూపించెయ్యగలిగినట్టూ అనిపిస్తుంది. ఇది డెబ్బైలలో సంగతి. నేను టీచరు ట్రైనింగు పూర్తి చేసి, ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ తిరువూరులో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. (కూర్చుని ఉన్నాననేది మా అమ్మ మాట. నా మటుకు నేను రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉండేదాన్ని.) మా చర్చి పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నన్ను గుమ్మం దగ్గర ఆపి, "ఏమ్మా, చదువుకున్నదానివి, ఊరికే ఉండటమెందుకు? ఈసారి స్త్రీల కూడికలో నువ్వు వాక్యం చెప్పాలి" అన్నారు. ఏ భాగం చెప్పాలో కూడా ఆయనే చూపించారు. ఎవరైనా నిన్ను ఒక మైలు రమ్మని బలవంతపెడితే వాడితో రెండు మైళ్ళు వెళ్ళమని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన చోటు అది. ఆ కాలంలో రోమా సైనికుడు దారిన పోయేవాణ్ణి ఎవణ్ణయినా ఆపి, తన మూట ఒక మైలు దాకా మోయించుకోవచ్చట. కాదనడానికి వీల్లేదట. రెండో మైలు మాత్రం మోసేవాడి ఇష్టం.

ఇంటికొచ్చి ఆ భాగం మళ్ళీ మళ్ళీ చదివాను. చదివిన కొద్దీ ఒక పట్టుదల పుట్టుకొచ్చింది. నేను చెయ్యనిదాన్ని చెయ్యమని పదిమందికి ఎలా చెప్తాను? ముందు నేను రెండో మైలు నడవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ పొయ్యి ముందు నుంచి తలెత్తకుండా, "చెప్పేవాళ్ళంతా చేసి చెప్పాలంటే ఇక ఏ చర్చిలోనూ ప్రసంగాలే ఉండవే. ముందు ఆ పప్పు రుబ్బు" అంది. రుబ్బాను. రెండో మైలు కదా అని, అమ్మ నానబెట్టినదే కాకుండా డబ్బాలో ఉన్న పప్పంతా నానబోసి అదీ రుబ్బాను. ఎండాకాలం. మర్నాటికల్లా ఆ పిండి పులిసి గిన్నె దాటి గట్టు మీదికి పొంగింది. ఆ వారమంతా మా ఇంట్లో మూడు పూటలా పుల్లట్లే.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. మా పక్కింట్లో టైలరు భాయి ఉండేవాడు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో పని ఎక్కువై, "చెల్లెమ్మా, ఈ చొక్కాకి కాజాలు కుట్టిపెడతావా, నీ చేతి పని బాగుంటుంది" అని ఒక తెల్ల చొక్కా ఇచ్చాడు. ఒక వైపు కుట్టడం ఆయన అడిగిన మైలు. రెండో మైలు కింద, ఎంతో ప్రేమతో, రెండో వైపు కూడా అంతే వరసగా కాజాలు కుట్టి తీసుకెళ్ళాను. భాయి చొక్కాని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అమ్మా, రెండు పక్కలా కన్నాలే పెట్టావు, మరి బొత్తాలు నేనెక్కడ పెట్టను? పెళ్ళికొడుకు చేత్తో పట్టుకుని నిలబడాలా?" అన్నాడు. పాపం, కోప్పడలేదు. కానీ ఆ తర్వాత మా ఇంటివైపు గుడ్డముక్క కూడా రాలేదు.

అంతకంటే ఘనకార్యం బస్టాండులో జరిగింది. పెనుగొలను వెళ్ళే బస్సు దగ్గర ఒక ముసలమ్మ మామిడికాయల గంప ఎత్తలేక అవస్థ పడుతూ, "అమ్మాయీ, ఓ చెయ్యి వెయ్యవే" అంది. ఎత్తితే చాలు, ఆమె వెళ్ళిపోయేది. నేను ఊరుకుంటానా? గంప నా నెత్తికెత్తుకుని బస్సెక్కి, జనాన్ని తోసుకుంటూ వెనక సీటు దాకా మోసుకెళ్ళి, గంప కదలకుండా మూటల మధ్య ఇరికించి సర్ది లేచేసరికి బస్సు ఊరు దాటుతోంది. "టికెట్టు?" అన్నాడు కండక్టరు. "నేను ఎక్కలేదండీ, గంప ఎక్కించడానికి వచ్చాను" అన్నాను. బస్సంతా ఒకటే నవ్వులు. ముసలమ్మ మాత్రం గంప మీద రెండు చేతులూ వేసుకుని, "ఎవరమ్మాయివే నువ్వు? నా ఎనకాలే వొచ్చావేంటి?" అని అనుమానంగా చూసింది. పొలాల మధ్య దింపేస్తే, నెత్తిన కొంగు వేసుకుని ఎండలో ఇంటికి నడిచి వచ్చాను.

ఆ సాయంత్రం వెళ్ళి అయ్యగారికి అంతా చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. (నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది.) "ఆ ముసలమ్మ నిన్ను బలవంతపెట్టిందా అమ్మా?" అన్నారు. "లేదండి." "టైలరు బలవంతపెట్టాడా?" "లేదండి." "మరైతే నువ్వింకా మొదటి మైలే నడవలేదు. నీకు ఇష్టమైనవాళ్ళకి నువ్వు చేసిపెట్టావు, అది మంచిదే. ఆ సైనికుడంటే ఎవరికీ ఇష్టం ఉండదు. అది మర్చిపోకు" అన్నారు.

ఇష్టం లేకపోయినా నాతో పని చేయించుకోగల మనిషి ఎవరా అని దారంతా ఆలోచించనక్కర్లేకపోయింది. మా పెద్దత్తయ్య ఉంది. మా నాన్నకు అక్క. మావయ్య పోయాక మా వీధి చివర ఇంట్లో ఒక్కతే ఉండేది. చర్చి హార్మోనియం ఆవిడ చేతిలోనే ఉండేది. ఆవిడ వాయిస్తే పాట, ఆపితే ఆమెన్. నాన్నతో సహా అందరికీ ఆవిడంటే హడలు. అంతకుముందు ఏడాది నేను పాటలు పాడే గుంపులో ఆవిడ పక్కనే నిలబడేదాన్ని. ఒక ఆదివారం ఆవిడ రెండో చరణం వదిలేసి మూడోది ఎత్తుకుంది. "అత్తయ్యా, రెండో చరణం వదిలేశారు" అన్నాను, సాయం చేద్దామనే. వెనక వరస దాకా వినిపించింది. ఆరాధన అయ్యాక ఆవిడ అందరి ముందూ, "దీని గొంతు సైకిలు బ్రేకు వేసినట్టుంది. రేపటి నుంచి ఇది గుంపులో వద్దు" అంది. అప్పట్నుంచి నేను ఆవిడతో అవసరానికి మించి మాట్లాడింది లేదు.

సరిగ్గా ఆ వారమే ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, పలకరింపు కూడా లేకుండా, "ఏమే, రేపు పొద్దున్నే వినగడపలో ప్రార్థన ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నారు. హార్మోనియం బస్టాండు దాకా మోసుకురా. అక్కడ బస్సులో పెట్టేసి పో" అంది. అడగడం కాదు, ఆజ్ఞ. నా ఒళ్ళు మండింది. మరుక్షణం, ఇదిగో నా సైనికుడు అనిపించి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద హార్మోనియం పెట్టుకుని బస్టాండుకి నడిచాను. మెడ లోపలికి కూరుకుపోయినట్టుంది. పెట్టె బస్సులో పెట్టి, దాని పక్కనే నేనూ కూర్చున్నాను.

"నువ్వెక్కడికే?" అంది అత్తయ్య.

"మీతోనే."

"నేను రమ్మన్లేదే!"

"అందుకే వస్తున్నానండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఎండదెబ్బ తగిలిందనుకుందో ఏమో, ఊరుకుంది. వాగు దగ్గర రోడ్డు పాడైందని బస్సు వినగడప దాకా పోకుండా ముందే దింపేసింది. మళ్ళీ పెట్టె నెత్తికెత్తుకున్నాను. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది. పెట్టె బరువు చాలదన్నట్టు ఈవిడ బరువు కూడానా అని పళ్ళు బిగబట్టి నడుస్తున్నాను. ఎండకి తళతళలాడుతున్న నీళ్ళ గుంటలో ఆవిడ నేరుగా కాలు పెట్టింది. చెప్పూ చీరా తడిసినా అలాగే నడిచింది. ఇంకాస్త ముందుకి వెళ్ళాక దారికి అడ్డంగా ఒక గేదె నిలబడి ఉంది. అత్తయ్య ఆగి, ఎంతో మర్యాదగా, "ఎవరండీ, కాస్త తప్పుకోండి, పెట్టెతో వస్తున్నాం" అంది.

నేను పకపకా నవ్వాను. నెత్తి మీద హార్మోనియం కూడా ఊగింది. ఆవిడ నవ్వలేదు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

"అత్తయ్యా, మీకు కళ్ళు కనపడట్లేదా?"

"కనపడతయ్. మసగ్గా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ చరణం వదిలేశానన్నావే, అప్పటికే పుస్తకంలో అక్షరాలు పోయినయ్యే. గుర్తున్నవి పాడుతున్నా. పక్కన నువ్వుంటే పట్టేస్తావని తీసేశా" అంది. తర్వాత నా భుజం గట్టిగా నొక్కి, "ఎవరితోనన్నా అన్నావో చూడు! పెట్టె ఇంకొకళ్ళకిస్తారు. అది లేకపోతే చర్చిలో నాకేం పని? ఆస్పత్రికి పోతే కంటికి కత్తి పెడతారంట. ఉన్న మసక కూడా పోతే నేనొక్కదాన్నీ ఎట్టా బతకనే?" అంది. మా ఇంటిల్లిపాదినీ గడగడలాడించిన ఆ గొంతు వణకడం నేను విన్నది అప్పుడే.

ఆ కొత్త ఇంట్లో నేను ఆవిడ వెనకే చాప మీద కూర్చుని, ప్రతి చరణం మొదటి మాటలు చెవిలో అందిస్తూ పోయాను. ఆవిడ ఒక్క చరణం కూడా వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టె బరువు తగ్గలేదు గానీ, దాని సంగతి నాకు తట్టలేదు.

ఆదివారం వచ్చింది. స్త్రీల కూడిక. అత్తయ్య హార్మోనియం ముందు కూర్చుని ఉంది. నేను లేచి నిలబడ్డాక గానీ నా ఇరకాటం నాకు తెలిసిరాలేదు. చెప్పదగ్గది ఒక్కటే ఉంది, అది చెప్పడానికి వీల్లేదు. పొంగిన పిండి గురించి చెప్పాను, కాజాల చొక్కా గురించి చెప్పాను, మామిడికాయల బస్సు గురించి చెప్పాను. కూడికంతా కళ్ళు తుడుచుకుని నవ్వింది. అక్కడితో నా సరుకు అయిపోయింది. ముందు వరసలో అయ్యగారి భార్య, "బాగుందమ్మా, మరి చివరికి రెండో మైలు నడిచావా లేదా?" అన్నారు.

"నడిచానండి. కానీ అది చెప్పేది కాదు" అని కూర్చోబోయాను.

అప్పుడు హార్మోనియం వైపు నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అది చెప్పదులే అమ్మా. దాని నోరు కట్టేసింది నేను. నాకు కళ్ళు కనపడటం లేదు. చాన్నాళ్ళయింది. మొన్న వినగడపలో నేను పాడిన ప్రతి చరణం అదే అందించింది. ఇక ఈ పెట్టె ఎవరికిస్తారో ఇవ్వండి." అలా అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అయ్యగారి భార్య లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "ఎవరికీ ఇవ్వం వదినా. ముగింపు పాట ఎత్తుకోండి, నేను చెప్తాను మాటలు" అన్నారు. అత్తయ్య ఎత్తుకుంది. మొదటి వరస పాడుతుండగానే సగంమంది ఏడుస్తున్నారు. నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

ఆ నెలలోనే బెజవాడ తీసుకెళ్ళి కళ్ళ ఆపరేషను చేయించారు. నేనే తోడు వెళ్ళాను. కట్టు విప్పాక అత్తయ్య నన్ను చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళూ ఇంత వంకరగా పాపిడి తీసుకుంటున్నావా? ఒక్కరూ చెప్పలేదా?" అంది. నర్సులు నవ్వారు. ఇక మళ్ళీ పాటల గుంపులోకి రానిస్తుందేమోనని ఆశపడి అడిగాను. "కళ్ళు బాగయినయ్యే. చెవులు ముందు నుంచీ బాగానే ఉన్నయ్" అంది అత్తయ్య.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాను, ఎన్నో కూడికల్లో వాక్యం చెప్పాను. ఆ భాగం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకటే అనుకుంటాను. మొదటి మైలులో ఆ సైనికుడికి మూట తప్ప మాటుండదు. రెండో మైలులో అతను ఏదో ఒకటి మాట్లాడే ఉంటాడు. ఏం మాట్లాడతాడో ప్రభువు చెప్పకుండా వదిలేశాడు, నడిచి తెలుసుకొమ్మనేమో.

ఇప్పుడు బాగా చెప్తానని పేరు. ఏ భాగం ఇచ్చినా ఒక పూట కూర్చుని చదువుకుని, మర్నాడు వెళ్ళి తడబడకుండా చెప్పేసి, టీ తాగి ఇంటికొస్తాను. అప్పటి ఆ పిల్లయితే ముందు చేసి చూసేది. ఎన్ని తప్పులు చేసేదో తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు పోయాక, ఆ పిల్లంటే కాస్త అసూయగా కూడా ఉంటుంది.