ఆరున్నొకటి

మొన్న పూర్ణా మార్కెట్‌లో ఎండు నెత్తళ్లు కొంటుంటే, ఆ ఉప్పు వాసనతోపాటే మా నాయనమ్మ గొంతు గుర్తొచ్చింది. అమ్మే పిల్ల మాత్రం నోరు విప్పలేదు. చేపలు కాటా మీద పడేసింది, ఎర్ర అంకెలు వెలిగాయి, అయిపోయింది.

నాయనమ్మ ఇదే మార్కెట్‌లో చేపలమ్మేది. చెరో చేత్తో రెండేసి కానాగంతలు పట్టుకుని, నాలుగూ కలిపి ఒక పుంజీ కింద తట్టలో వేస్తూ, రాగం తీస్తూ లెక్కపెట్టేది. మొదటి పుంజీ ఒకటి కాదు, లాభం. తర్వాత రెండు, మూడు, అలా ఆరు దాకా వెళ్లి, ఆ పైది ఆరున్నొకటి, ఆ తర్వాత ఎనిమిది. గంగమ్మ పండగనాడు వేడి వేడి బూరెలు ఆకుల్లో పంచినా, ఎండాకాలం కాళ్లు కాలే ఇసకలో దాగుడుమూతలాడుతూ కళ్లు మూసుకుని అంకెలు చెప్పినా, మా ఇంట్లో అదే వరస. "ఏడంటే ఏడుపొత్తాదే గుంటా," అనేది. అమ్మ, నాన్న, నాయనమ్మ, నలుగురు పిల్లలం. మేమూ ఆరున్నొక్కరమే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు బడిలో లెక్కల మాస్టారు సుద్దముక్కలు లెక్కపెట్టమన్నారు. నేను లాభం, రెండు అని మొదలెట్టాను. ఆరున్నొకటి దగ్గరికొచ్చేసరికి క్లాసంతా పగలబడి నవ్వింది. "ఇది బడా, చేపల బజారా?" అన్నారాయన. ఆ కోపమంతా నేను నాయనమ్మ మీద పెట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మా ఇళ్ల వరసలోవాళ్ల తెప్పలు వేటకి బయల్దేరాయి. నాయనమ్మ ఒడ్డున నిలబడి, ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అల దాటిన ప్రతి తెప్పనీ లెక్కపెడుతోంది. చివరిది నాన్నది. ఆవిడ ఆరున్నొకటి అనేలోపే నేను అరిచాను.

"ఏడు! అది ఏడు! నీకు లెక్కలు రావు నాయనమ్మా!"

చెంప చెళ్లుమనిపించింది. "ఎంత మాటనేసినావే గుంటా, మీ అయ్య తెప్ప మీద!" నాన్నకి ఇదేమీ వినపడలేదు, దూరం నుంచి చెయ్యూపాడు. చెంప మండుతున్నా నాకు గెలిచినట్టే ఉంది.

మధ్యాహ్నం గాలి లేచింది. పొద్దువాలేలోగా ఆరు తెప్పలు తిరిగొచ్చాయి.

ఆ తర్వాత నాయనమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. మార్కెట్‌లో మాత్రం ఆరు పుంజీల దాకా వచ్చి ఆగిపోయేది, మళ్లీ లాభం నుంచి ఎత్తుకునేది. పోయేదాకా నా చేతి మంచినీళ్లు తాగలేదు. అది కళ్లారా చూస్తూ అమ్మ కూడా నోరెత్తలేదు. వాళ్లిద్దర్నీ నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పక్కింటి ఒడియా ఆవిడ సాత అంటుంది, కింద బిహార్ వాళ్లు సాత్ అంటారు. వాళ్ల భాషల్లో ఆ అంకె ఎవర్నీ ఏడిపించదు. చిన్నపిల్ల మాటకి సముద్రం లేవదని నాకూ తెలుసు, చదువుకున్నదాన్నే. ఆ ముక్క ఆ రోజు ఒక్కరైనా నాతో అని ఉంటే!

మార్కెట్‌లో పుంజీలు పోయాయి, లాభం అనే నోళ్లూ పోయాయి. మా మనవరాలు లిఫ్ట్‌లో వెలిగే అంకెలు చూసి ఫైవ్, సిక్స్, సెవెన్ అని గట్టిగా చదువుతుంది. దానికి నాయనమ్మ లెక్క నేర్పలేదు. నేర్పితే, ఆరు తర్వాత ఎందుకలా అంటామో కూడా చెప్పాలి.