డ్రైవరు పక్క సీటు

విజయనగరంలో ఒక బీమా కంపెనీ డివిజనల్ ఆఫీసులో, మోటారు క్లెయిముల విభాగంలో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా నా చివరి పోస్టింగు. రిటైరు కావడానికి ముందటి వేసవిలో సూరమ్మ కేసు సాక్ష్యానికి వచ్చింది.

సూరమ్మది రామతీర్థం దగ్గర పల్లె. వంకాయల బుట్టలతో మార్కెట్టుకు వెళ్తుండగా ఆమె ఎక్కిన మినీ వ్యాన్ బోల్తాపడింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. వ్యాన్ లాంటి గూడ్సు బండిలో సరుకు యజమానికి గాని, వారి తరఫు మనిషికి గాని దెబ్బ తగిలితే బీమా కంపెనీ చెల్లించాలి. ఊరికే ఎక్కినవాళ్లకైతే బాధ్యత బండి యజమానిదే. ఈ యజమానికి ఆ వ్యాన్ తప్ప ఏమీ లేదు, అదీ తుక్కయింది. కంపెనీ ఇవ్వకపోతే సూరమ్మకు ఇచ్చేవారు లేరు.

కంపెనీ వాదన తయారుచేసింది నేనే. ప్రమాదమప్పుడు డ్రైవరు పక్క సీట్లో ఒక రిటైర్డు మాస్టారున్నారు. ఆయనకు గీత కూడా పడలేదు. సూరమ్మ వెనక బుట్టల మీద ఉంది. సరుకు ఆమెదే అయితే ఆ సీట్లో ఆమే ఉండాలి, యజమాని అన్నవాడు తన స్థానం మరొకరికి వదులుకోడు అని రాశాను. మాది జమీందారీ కుటుంబం. దివాణంలో మా తాతగారి కుర్చీలో మరొకరు కూర్చోవడం ఎవరూ ఎరగరు. దివాణం పోయి ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది, దాన్నీ గోడకు ఆనించి ఉంచాలి. అయినా నా వాక్యం నాకు ఎంతో నచ్చింది.

సాక్ష్యం చెప్పాల్సిన రోజు నెల్లిమర్ల దగ్గర మా ఊరికి బస్సు రాలేదు. ఇస్త్రీ చొక్కాతో ఎండలో నిటారుగా నిలబడ్డాను. చెయ్యెత్తి బండి ఆపడం మా ఇంటావంటా లేదు. కూరగాయల వ్యాన్ ఒకటి తనే ఆగింది. డ్రైవరు పక్కన ఒక ముసలామె ఉంది.

"అప్పలమ్మత్తా, దిగి ఎనకాల కూకో. బాబుగోరిని ఎక్కించుకోవాల," అన్నాడు డ్రైవరు.

"ఎవులి బాబు?"

"దివాణపోలు."

"అది పడిపోనాది కదేటి?"

"గోడలు పడిపోనాయి గానీ బాబున్నారు కదత్తా. దిగు."

ఆమె దిగి తన బీరకాయల బస్తాల మీదికెక్కింది. నేను సీటెక్కాను. అందులో నాకు వింతేమీ కనబడలేదు. దివాణపు బాబును మార్కెట్టు దగ్గర దింపితే బాగోదని డ్రైవరు కోర్టు గేటు ముందే దింపాడు. అక్కడ టీ తాగుతున్న సూరమ్మ వకీలు నాకు నమస్కారం పెట్టాడు. నా హోదాకే అనుకున్నాను.

క్లెయిముల ట్రిబ్యునల్లో సాక్షి బోనెక్కి నా వాక్యం గంభీరంగా చెప్పాను. ఇవాళ ఎలా వచ్చారని వకీలు అడిగాడు. వ్యాన్‌లో, డ్రైవరు పక్కన అన్నాను. సరుకు ఎవరిదన్నాడు. అప్పలమ్మ అనే ఆమెదన్నాను. ఆమె ఎక్కడ కూర్చుందన్నాడు. ప్రమాణం చేసి ఉన్నాను గనుక, బస్తాల మీద అని చెప్పాను.

"మీ లెక్కన ఆ బీరకాయలు మీవే కావాలి కదండీ. అమ్ముకోకుండా కోర్టుకెందుకొచ్చారు?"

జడ్జిగారు ఆ ప్రశ్నను రికార్డులో రాయొద్దని చెప్పి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కర్ర పట్టుకుని మూల కూర్చున్న సూరమ్మ మాత్రం నవ్వలేదు.

"మాస్టారుబాబు వత్తే దిగిపోనాను. దిగకుంటే బాగుంతాదేటి?" అంది వకీలుతో.

సూరమ్మ సరుకు యజమానురాలేననీ, కంపెనీయే చెల్లించాలనీ తీర్పు వచ్చింది. ఆ పొద్దున మా వ్యాన్ కూడా బోల్తాపడి ఉంటే, ఊరికే ఎక్కిన మనిషిని నేనే.

ఆ తర్వాత గూడ్సు బండి కేసుల్లో డ్రైవరు పక్కన ఎవరున్నారని అడిగి ఊరుకోలేదు. వారి కోసం ఎవరు దిగారని కూడా అడిగాను.