కోపం రాని మనిషికి బీపీ

మా ఆఫీసు క్యాబ్ నడిపిన అన్న పోయాడని సోమవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. "మీ అన్న ఇగ లేడు మేడమ్" అంది, అంతే. మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చాను కానీ, ఎక్కడికి వెళ్లాలో తోచక లిఫ్ట్ దగ్గరే నిలబడిపోయాను.

ఆరేళ్లు ఆయన బండిలోనే కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు తిరిగాను. ఆయన సొంతూరు ఖాజాగూడ. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట ఒకప్పుడు వాళ్ల నాన్న జొన్న వేసేవాడని ఏ బాధా లేకుండా చెప్పేవాడు. ఎవరు అడ్డం వచ్చినా హారన్ కొట్టేవాడు కాదు. పక్క బండివాడు అద్దం దించి తిడితే, "పోనీ తియ్, పాపం ఇంట్ల ఏం పరేషాన్ ఉన్నదో" అనేవాడు. వెనక సీట్లో మేమే "బీపీ వచ్చేస్తోంది బాబూ" అని గింజుకునేవాళ్లం.

ఆ మాటే కొంప ముంచింది. మన నోట్లో బీపీ అంటే కోపం. ఫలానా ఆయనకు బీపీ ఎక్కువంటే, ముక్కు మీద కోపం ఉన్న మనిషని అర్థం చేసుకుంటాం.

ఒకసారి ఆఫీసులో ఆరోగ్య శిబిరం పెట్టారు. వద్దంటున్నా అన్నను నేనే లాక్కెళ్లాను. నర్సు రెండుసార్లు చూసి, "చాలా ఎక్కువుందండీ, డాక్టరుకు చూపించుకోండి" అంది. నేను పకపకా నవ్వాను. "ఈయనకి బీపీ ఏంటండీ? అసలు కోపమే రాదు. ముందు మీ మెషీన్ చూసుకోండి." వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అన్న కూడా నవ్వి, మడిచిన చొక్కా చేయి దించుకున్నాడు. చదువుకున్నదాన్నని నా మాట నమ్మాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆయనకు ఏ నొప్పీ లేదు. ఒకరోజు చెప్పులు పట్టడం లేదన్నాడు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయన్నారు. రక్తపోటు ఏళ్ల తరబడి కిడ్నీల్లోని సన్నని నాళాలను దెబ్బతీసిందని, పాడైన కిడ్నీలు ఆ ఒత్తిడిని ఇంకా పెంచాయని డాక్టరు చెప్పారు.

"కోపం లేనివాళ్లకీ వస్తుందా డాక్టర్?"

"కోపానికీ దీనికీ ఏం సంబంధమమ్మా? మొదట్లోనే చూసి మందులు మొదలుపెడితే చాలావరకు కాపాడుకునేవాళ్లం."

అన్న నెమ్మదిగా తలూపాడు. "టైర్ల గాలి ఎక్కువైతే బయటికి కనపడదు మేడమ్. లోపల దారాలు తెగుతయ్" అన్నాడు.

వారానికి మూడుసార్లు డయాలిసిస్. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ క్షమించమని అడుగుదామనే బయల్దేరేదాన్ని. ఆయనేమో "కూసోండి మేడమ్, తిన్నరా?" అనేవాడు. అడగలేకపోయాను. ఇప్పుడు ఎక్కడ నలుగురు కలిసి నవ్వినా నాకు ఆ వరుసలోని నవ్వే వినిపిస్తుంది.

పదో రోజు ఖాజాగూడ వెళ్లాను. వదిన టీ ఇచ్చింది.

"గంటలు గంటలు ఉచ్చ ఆపుకొని కిడ్నీలు ఖరాబ్ చేసుకున్నడు మేడమ్. ఇగ మా పెద్దోడు నడుపుతడు బండి. వానికి మొన్న దవాఖానల బీపీ ఉన్నదన్నరు, గోలీలు రాసిచ్చిన్రు. గని వాడు గూడ గాయన లెక్కనే, కోపమన్నదే రాదు. వానికేం బీపీ? గోలీలు వేస్కుంటలేడు."

గ్లాసు కింద పెట్టి మొత్తం చెప్పేశాను. శిబిరం, నర్సు, నా నవ్వు, అన్నీ. వదిన ముఖం తిప్పుకుంది.

"గీ ముచ్చటకు ఆయన్ని మాఫీ అడిగినవా?"

"లేదు వదినా."

ఆమె లేచి, వాకిట్లో కుర్చీలు మడుస్తున్న కొడుకును పిలిచింది. "నడువ్, దవాఖానకు పోదాం."

"నాకేమైందమ్మా, మంచిగనే ఉన్న కదా" అంటూ అతను చేతులు తుడుచుకుని నవ్వుతూ వచ్చాడు. ఆ ముఖంలో ఏ కలతా లేదు. నాకు భయం వేసింది.