మోకాళ్ళకు చోటు

పెద్దల్లుడు టీవీ స్టాండు సొరుగులు రెండూ బయటికి లాగి గోడవార పెట్టాడు. నడిమి పలకకు చెక్కముక్క అడ్డుపెట్టి సుత్తితో తట్టాడు. పలక కదల్లేదు. మేకు ఒక్కటి కూడా కొట్టకుండా, చెక్కలోకి చెక్క దూర్చి బిగించిన స్టాండు అది. బల్లంత ఎత్తు. పెళ్ళైన కొత్తలో అత్తవారింటికి తన చేత్తో చేసిచ్చాడు. ఇంటికి ఎవరొచ్చినా మామగారు టీవీని కాదు, స్టాండును చూపించేవారు. "మా అల్లుడి పని" అనేవారు. అప్పటికి అల్లుడు ఒక్కడే.

ఇప్పుడు ఇంకొకడు వచ్చాడు. చిన్నల్లుడు కంప్యూటర్లు బిగిస్తాడు, బాగుచేస్తాడు. మొన్న టీవీలో బొమ్మ పోయి మాట మాత్రం మిగిలితే, "ఇంకా టీవీ ఎందుకత్తయ్యా, కంప్యూటరూ మానిటరూ పెట్టేస్తాను. సీరియళ్ళు అందులోనే చూడొచ్చు, టైపు పనీ చేసుకోవచ్చు" అన్నాడు. అత్తగారు టైపిస్టుగా రిటైరైన మనిషి. ఊరికే కూర్చుంటే ఇప్పటికీ ఆవిడ వేళ్ళు ఒళ్ళో టకటకలాడుతుంటాయి. ఆ మాటకు ఆవిడ మొహం వెలిగిపోయిందని భార్య చెప్పినప్పటి నుంచీ పెద్దల్లుడికి అన్నం సయించడం లేదు.

దానికి తోడు, స్టాండు తీసేసి రెడీమేడ్ బల్ల కొందామని కూడా ఆ తోడల్లుడే అన్నాడట.

"సాయంత్రానికి స్టాండును కుదిర్చావా, ఉంటుంది. లేదా బల్లే" అని మామగారు తేల్చేశారు.

టీవీని దూరంగా కూర్చుని చూస్తారు. కంప్యూటరుకైతే కుర్చీ ముందుకు లాక్కోవాలి. స్టాండు కింద అంతా సొరుగులే, మోకాళ్ళకు చోటు లేదు. అందుకే తను కట్టింది తనే విప్పుతున్నాడు.

మామగారు పేపరు దించారు. "ఏమోయ్, రానంటోందా?"

"ఊడొచ్చేలా చెయ్యలేదు మామయ్యా."

"అయితే తప్పు నీదే."

అట్టపెట్టెలతో చిన్నల్లుడు దిగాడు. "అన్నయ్యా, ఓ చెయ్యి వెయ్యనా?"

"నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ. ఇది చెక్క, మౌస్ కాదు నొక్కగానే కదలడానికి."

మామగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు తనదేనని పెద్దల్లుడు లోలోపల లెక్కేసుకున్నాడు.

పలక ఊడింది. సొరుగు అడుగు చెక్కను కోసి, చిత్రిక పట్టి, ముందుకు లాగితే వచ్చేలా కీబోర్డు పలక చేశాడు. చేస్తున్నంతసేపూ ఓ కన్ను తోడల్లుడి వైపే. వీడి వైర్లు ఎలాగూ చిక్కుపడ్డ ఊలు ఉండలా ఉంటాయి, అప్పుడు చూపిద్దాం అందరికీ అనుకున్నాడు. వంగి స్టాండు వెనక చూశాడు. ఒక్కో వైరు వరసగా, సమానంగా, కట్టుకు కట్టు వేసి ఉంది. మానిటరు కింద గీతలు పడకుండా స్టాండు మీద అట్ట కూడా పరిచి ఉంది. వట్టి మాటకారి అయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. వీడు పనిమంతుడు.

పలక బిగించడం అయింది. చిన్నల్లుడు పొడుగు కాళ్ళు కిందకు చాపి కూర్చుని చూశాడు. "భలే కుదిరిందన్నయ్యా! బల్ల మాట మర్చిపోండి మామయ్యా."

తర్వాత అత్తగారు కూర్చున్నారు. రెండు అక్షరాలు కొట్టి, "బాగుంది బాబూ" అన్నారు.

మామగారు తల ఊపారు. అక్కడితో పని అయిపోయినట్టే. కానీ పెద్దల్లుడు ఆవిడ భుజాలు చెవుల దాకా లేచి ఉండటం చూశాడు. కాలి బొటనవేళ్ళు నేల కోసం వెతుక్కుంటున్నాయి. పొద్దున్నుంచీ వాణ్ణే చూస్తూ, వాడి మోకాళ్ళకే ఎత్తు పెట్టాడు తను. కూర్చోవలసిన మనిషిని ఒక్కసారైనా కొలవలేదు.

"లేవండత్తయ్యా."

"ఎందుకు నాయనా, బానే ఉందిగా!"

"బాలేదు. కొలత తప్పాను."

"అలవాటైపోతుందిలే అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు.

"చెక్కకు మనుషులు అలవాటు పడితే వడ్రంగి ఎందుకురా?"

చిన్నల్లుడు కీబోర్డు తీసి పక్కన పెట్టాడు. పెద్దల్లుడు మరలు విప్పుతుంటే పలక అంచు పట్టుకున్నాడు. ఈసారి పెద్దల్లుడు వద్దనలేదు. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టి, దానికి తగ్గట్టు పలకను దించాడు. మిగిలిన సొరుగు ముందు చెక్కను ఏటవాలుగా నిలిపి కాళ్ళకు పీట చేశాడు. గరుకు కాగితంతో అంచులు రుద్ది, పొట్టు దులిపాడు.

"ఇప్పుడు కూర్చోండి. ఇక ఇది మీది."

అత్తగారు కూర్చున్నారు. పాదాలు పీట మీద ఆనాయి, భుజాలు దిగాయి. వేళ్ళు వానలా టకటకలాడటం మొదలుపెట్టాయి.

"చూశావా అన్నయ్యా, కళ్ళన్నీ నా మానిటరు మీదే!" అన్నాడు చిన్నల్లుడు.

"కాళ్ళు ఎక్కడున్నాయో కూడా చూడు."

"మీ ఇద్దరి పోట్లాటా గడప అవతల పెట్టుకోండి బాబూ, నాకు పనుంది" అన్నారు అత్తగారు, తల తిప్పకుండానే.