తాళాలమ్మ ఖాళీ చేయించిన ఫోను

అమ్మాయిలంతా ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఆ హాస్టల్ మెట్ల మీద మధ్యాహ్నపు ఎండ ఒక్కతే వచ్చి కూర్చుంటుంది. దాన్ని కూడా ఆపి "ఎవరమ్మా నువ్వు, ఏ గది?" అని అడగగల మనిషి వార్డెన్ తాళాలమ్మ.

ఆవిడకు అసలు పేరు ఉండే ఉంటుంది. నడుముకున్న తాళాల గుత్తి ముందు గల్లుమంటుంది, ఆవిడ తర్వాత వస్తుంది. అందుకని అమ్మాయిలు పెట్టిన పేరే నిలిచిపోయింది. కిటికీ పక్క మంచం ఎవరికి కావాలి, ఎవరు గురక పెడతారు, ఆ గురక పక్కన కూడా హాయిగా పడుకోగల మొద్దునిద్ర ఎవరిది, అంతా ఆవిడ తలలోనే. పొద్దున్నే స్నానాల గదుల ముందు తోపులాట లేకుండా వరస నడిపేది ఆవిడే. ఊరూ పేరూ తెలియని మనిషి లోపల కనిపిస్తే, ఎంత తియ్యగా మాట్లాడినా సరే, సంచితో సహా గేటు బయట ఉండాల్సిందే.

ఒకరోజు హాస్టల్ యజమానురాలు కొత్త ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇకమీదట అన్నీ ఫోన్లో, కంప్యూటర్లో. ముందు దీన్ని అలవాటు చేసుకోండి. శనివారం వస్తాను. కొత్తగా చేరే అమ్మాయిలకు గదులిచ్చి, నా ముందు కంప్యూటర్లో ఎక్కించి చూపించాలి. కుదరదంటే చెప్పండి, ఆ పని తెలిసిన అమ్మాయిని పెట్టుకుంటాను."

మాట మెత్తగానే ఉంది. కానీ ఆ తెలిసిన అమ్మాయి కుర్చీతో ఆగదు కదా! మెట్ల కిందున్న చిన్న గది, అందులో ఆవిడ వీపు ఆకారానికి గుంటపడిన మంచం, వాన పడితే పాటలు పాడే రేకు, ఇవన్నీ వార్డెన్‌కి ఇచ్చేవే. కుర్చీ పోతే గదీ పోతుంది.

అందుకే తాళాలమ్మ ఫోన్‌ను శ్రద్ధగా చేతిలోకి తీసుకుంది. కొత్త భవనంలో అడుగుపెడితే ఎవరైనా ముందేం చేస్తారు? తనిఖీ. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడున్న యాప్‌ల వరస చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. తెలిసిన మొహాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మిగతావాళ్లంతా ఎవరో! పలకరింపు లేదు, బయటికి రావడం లేదు, చీకట్లో ముడుచుక్కూర్చుని చోటు తింటున్నారు. ఒక్కొక్కరి మీదా నొక్కి, ఆపేయమంది. 'ఇది ఆపితే మిగతావి సరిగా పనిచేయకపోవచ్చు' అని ఫోన్ బతిమాలింది.

"గేటు దగ్గర అందరూ ఇదే పాట పాడతారు" అంటూ తాళాలమ్మ మళ్లీ నొక్కింది.

సాయంత్రానికి ఫోన్ శుభ్రంగా ఉంది, తలుపులు తీసిన ఖాళీ ఇల్లులా. రాద్దామంటే అక్షరాలు పైకి రావు. వచ్చే ఫోన్లకు పేర్లు లేవు.

పక్క వీధిలో ఆవిడ అన్న కూతురికి ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. భూతద్దం దీపం కింద సూదిమొనంత మరలు విప్పుతున్న ఆ పిల్ల, అత్త తాళాల చప్పుడు విని తల ఎత్తకుండానే నవ్వింది.

"ఏం పగలగొట్టావత్తా?"

"నీ నోట్లో చక్కెర పొయ్యా, ఏమీ పగలగొట్టలేదే కోడలా. ఊరికే మూగదైపోయింది."

కోడలు ఫోన్ లోపలికి తొంగిచూసింది. నవ్వు ఆగిపోయింది, తర్వాత రెట్టింపై వచ్చింది.

"అత్తా! కీబోర్డును గెంటేశావు కదే!"

"దాని మొహాన కీబోర్డని రాసుందా? అద్దె కట్టకుండా కూర్చున్నారని పంపించేశాను."

"వాళ్లు హాస్టల్లో ఉండేవాళ్లు కాదు, నడిపేవాళ్లు! మోటారు వేసేవాణ్ణి, ఊడ్చేదాన్ని తరిమేసి, నీళ్లెందుకు రావట్లేదంటే ఎలా?"

"మరి అక్కడేం చేస్తున్నట్టు?"

"విను. ఫోనంటే గోడలు, గదులు. నువ్వు వాడుకునే యాప్‌లు అమ్మాయిలు. ఎవరికెంత చోటివ్వాలి, ఎవరి తర్వాత ఎవరు, ఒకరి పెట్టె ఇంకొకరు తెరవకుండా ఎలా చూడాలి, ఇదంతా చూసుకునేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. కనబడదు, కానీ అది లేకపోతే ఒక్క దీపం వెలగదు."

తాళాలమ్మ దీపం కింది ఫోన్ మీదికి వంగింది.

"అంటే లోపల నాలాంటిదొకతి ఉందన్నమాట."

"ఉంది. నువ్వు దాని మనుషుల్నే గెంటావు. ఒక వార్డెన్ ఇంకో వార్డెన్‌కి చేసే పనేనా ఇది?"

తాళాలమ్మ ఫోన్ వంక, అలిగి పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చిన తోటికోడలి వంక చూసినట్టు చూసింది. "కంప్యూటర్లో ఉండేదీ ఈవిడేనా?"

"అది వేరే ఆవిడ. ఇద్దరి పనీ ఒకటే, తాళాలు పెట్టుకునే చోట్లు వేరు. ఇక్కడి యాప్‌ను తీసుకెళ్లి అక్కడ పెడదామంటే గేటు తియ్యదు."

"మంచి పని చేస్తుంది" అంది తాళాలమ్మ.

గెంటేసినవాళ్లందరినీ కోడలు వెనక్కి పిలిచింది. శనివారం దాకా రోజూ మధ్యాహ్నం వచ్చి హాస్టల్ కంప్యూటర్ ముందు అత్తను కూర్చోబెట్టింది.

శనివారం యజమానురాలు పక్కనే కుర్చీ వేసుకుంది. తాళాలమ్మ గదుల లెక్క రాసే ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కింది. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. చెమట పట్టిన వేలితో గబగబా నొక్కుతూనే పోయింది. అంతలో తెరంతా అదే ప్రోగ్రాం కిటికీల మీద కిటికీలు. ఆ పైన అంతా బిగుసుకుపోయింది.

"ఆగిపోయినట్టుంది. స్విచ్ తీసేయనా?" అంటూ యజమానురాలు వంగింది.

మెట్ల కింది గది, రేకు మీది వాన తాళాలమ్మ కళ్లముందు కదిలాయి. కానీ ఆ తెర మీది తోపులాట ఎక్కడో చూసినట్టే ఉంది. రోజూ పొద్దున్నే చూసేదే.

"తీయకండి మేడమ్" అని మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "తప్పు నాది. ఒక్క పిల్లని పిలవబోయి అందర్నీ ఒకేసారి కేకేశాను. గుమ్మంలో ఇరుక్కున్నారు. కాస్త సర్దుకోనివ్వండి."

కొంతసేపటికి తెర ఊపిరి పీల్చుకుంది. తాళాలమ్మ ఒక్కటి ఉంచి, మిగతా కిటికీలు ఒక్కొక్కటే మూసింది. పేర్లు ఒంటి వేలితో రాసింది. ఇద్దరమ్మాయిలను ఒకే మంచం మీద పడుకోబెట్టి, యజమానురాలు చూపిస్తే నాలుక కరుచుకుని విడదీసింది. చివరి పేరు మాత్రం ఎవరూ చెప్పకుండానే సరిగ్గా పడింది.

యజమానురాలు కుర్చీలో వెనక్కి వాలింది. "నత్తకు నడక నేర్పేలా ఉన్నారు."

తాళాలమ్మ గుత్తిని గట్టిగా పట్టుకుంది.

"వేగం నెమ్మదిగా వస్తుందిలెండి" అంది యజమానురాలు. "బిగుసుకుపోయినప్పుడు చెయ్యి తీసేశారు చూడండి, అది నాకే చేతకాదు. సోమవారం నుంచి మీరే చేయండి."

సోమవారం కొత్తమ్మాయి పెట్టె పట్టుకుని బల్ల ముందు నిలబడింది. తెర మీద చిన్న వలయం గిరగిరా తిరుగుతోంది.

"ఇంకా ఎంతసేపు ఆంటీ?"

"ఉండవమ్మా" అంది తాళాలమ్మ, గొంతు తగ్గించి. "లోపల ఆవిడ నీకు చోటు చూస్తోంది."