రెండు లీటర్ల విడి పెట్రోలు

2005 ఫిబ్రవరిలో నన్ను ఖమ్మం నుంచి టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఊరూరా తిరిగి టీకాలు వేసే ఏఎన్ఎంలు ఆరుగురు నా కింద పనిచేసేవారు. ఉన్న జీపు ఒక్కటే, అది డాక్టరుగారిది. నాకు గేర్లులేని సొంత స్కూటరే దిక్కు. బంకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. ట్యాంకు నింపుకుని కేంద్రానికి వచ్చేసరికే మూడోవంతు ఖర్చయ్యేది.

మార్చి మొదట్లో ఒక గూడేనికి తట్టు టీకాలతో వెళ్తుంటే దారిలో పెట్రోలు అయిపోయింది. బండి తోసుకుంటూ అయిదు కిలోమీటర్లు నడిచాను. చేరేసరికి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని మిర్చి ఏరే కూలికి ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు. రెండు వారాలకు ఆ గూడెంలో తట్టు లేచింది. మూడేళ్ల పాప చనిపోయింది. ఆ పిల్ల పేరు నా జాబితాలో ఉంది. టీకా గడి ఖాళీగా ఉంది.

ఇక వెంట పెట్రోలు లేకుండా కదలకూడదనుకున్నాను. చాలామంది నీళ్ల సీసాలో పోసి సీటు కింద డిక్కీలో పెడతారు. ఆ డిక్కీ కిందే ఇంజను వేడెక్కుతుంటుంది. ఖమ్మంలో రేకు డబ్బాలు చేసే ఖాసిం భాయ్ నాకు మందపాటి రేకుతో, మరచుట్ల మూతతో రెండు లీటర్ల క్యాను చేశారు. మూతకు సైకిల్ ట్యూబు ముక్క వేస్తే చాలదా అంటే కోప్పడ్డారు.

"రబ్బరు పెట్రోలుకు ఉబ్బుతది మేడం, కారుతది. కార్కు వాచరే ఎయ్యాలె. నిండ పొయ్యకుండ్రి, రెండు వేళ్లంత జాగ ఇడువుండ్రి. ఎండకు పెట్రోలు పెరుగుతది."

క్యానును నేల మీద పెట్టే నింపాలి. ఇంజనుకు దూరంగా, కాళ్ల దగ్గరి ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి కదలకుండా కట్టాలి. ట్యాంకులో పోసేముందు ఇంజను చల్లారనివ్వాలి. ఒక్కటీ తప్పకుండా పాటించాను.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం అదే గూడేనికి బయలుదేరాను. దారిలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఎస్సై క్యాను చూశాడు. నా చిన్న తమ్ముడి వయసుంటుంది. విడి పెట్రోలు అడవిలో ఉన్నవాళ్ల చేతికి పోతే బస్సులు తగలబెడతారని ఆయన భయం. అది ఉత్త భయమేమీ కాదు. ఇక్కడే పారబోయమన్నాడు.

"పారబొయ్యను సార్" అన్నాను. "ట్యాంకులున్నది పెట్రోలు కాదా? గుంజుకునేటోళ్లు బండినే గుంజుకుంటరు. పారబొయ్యుమని రాసియ్యండి. టీకాల బండిని ఎన్నింటికి ఆపిండ్రో గూడ రాసి సంతకం పెట్టండి."

ఆయన గొంతు పెంచాడు. నేను టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని అక్కడి బెంచీ మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు గడిచాయి. ఆయన రాయలేదు, నేను లేవలేదు. చివరికి అడ్డకర్ర ఎత్తమని కానిస్టేబులుకు చెప్పి, "మీ మీద రిపోర్టు పంపుత" అన్నాడు.

"పంపండి సార్, పేరు సక్కగ రాసుకోండి" అని ఇంటిపేరుతో సహా చెప్పి, ఆయన రాసుకునేదాకా నిలబడ్డాను.

ఇంకాస్త ముందుకు పోతే దారికి అడ్డంగా చెట్లు నరికి పడేసి ఉన్నాయి. బండ్ల బాటన పద్నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వచ్చింది. ఇసుకలో ఈడ్చి ఈడ్చి పెట్రోలు అయిపోయి బండి ఆగిపోయింది. ఇంజను చల్లారేదాకా ఆగి, క్యానులోది ట్యాంకులో పోసుకుని కదిలాను. గూడెం చేరేసరికి పదకొండు. ఆ రోజు కూలి మానుకుని తల్లులంతా కూర్చుని ఉన్నారు. చనిపోయిన పాప తల్లి పది నెలల కొడుకును ఎత్తుకుని అందరికన్నా ముందు నిలబడింది.

"అప్పుడెందుకు రాలే?" అని అడిగింది.

పెట్రోలు అయిపోయిందని చెప్పాను. ఆ రోజు ముప్పై ఎనిమిది మందికి టీకాలు వేశాను.

నెల తిరక్కుండా పైఆఫీసు నుంచి మెమో వచ్చింది. తగలబడే వస్తువును విధుల్లో ఎందుకు తీసుకెళ్లారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చివర్లో క్షమాపణ అని ఒక్క ముక్క చేర్చమని డాక్టరుగారు మంచికే చెప్పారు. చేర్చలేదు. "తీసుకెళ్లిన మాట నిజం. బంకో జీపో ఇచ్చేదాకా తీసుకెళ్తూనే ఉంటాను" అని రాసి సంతకం చేశాను. హెచ్చరిక నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. అక్కడ ఆరేళ్లు పనిచేశాను. బంకు రాలేదు, జీపూ రాలేదు. నేను రాసిన మాట నేను తప్పలేదు.

విడి పెట్రోలు ప్రమాదం కాదని నేను ఏనాడూ అనలేదు. పని ఆపమని ఎవరైనా నోటితో చెబితే రాసిమ్మని అడగాలి. ఆపకుండా చేసిన పనిని మన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూసినంతవరకు, అలా అడిగితే చాలా ఆదేశాలు కాగితం దాకా రావు.