ముత్తప్ప మామ నడక పరీక్ష

ముత్తప్పకు ఒకటే జబ్బు. మనిషి గానీ, వస్తువు గానీ, నడిపించి చూడందే నమ్మడు.

ఊత్తంగరై దగ్గరి పోచంపల్లి సంతలో గొర్రెలు కొనేవాడికి ఇది ఉండాల్సిన గుణమే. పొట్టేలు పళ్లు చూసి, వీపు నొక్కి, నాలుగడుగులు నడిపించి గానీ బేరానికి దిగకూడదు. కానీ ముత్తప్ప మిక్సీని కూడా నడిపించమంటాడు. ఊత్తంగరైలో మంచం కొనడానికి పోయి, దాన్ని దుకాణం ఈ మూల నుంచి ఆ మూలకు లాగించి, "ఎనక కాలు ఈడుస్తా ఉంది, వొద్దప్పా" అని వచ్చేశాడు. టీవీ తెచ్చిన మనిషిని దాన్ని ఎత్తుకుని వాకిట్లో అటూ ఇటూ తిరగమన్నాడు. ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థిని వీధి చివరిదాకా నడిపించి, "పోయేటప్పుడు బాగుండాది, తిరిగొచ్చేటప్పుడు నడక మారిపోతా ఉంది" అని తేల్చాడు. ఒకసారి జ్వరం వస్తే ముందు డాక్టర్ని నడిపించి, ఆ నడక నచ్చాకే నాలుక చాపాడు. డాక్టరు గారు నడిచారు కూడా. ఆ గొంతులో ఏముందో గానీ, "నాలుగడుగులు నడువప్పా, చూస్తాము" అని ముత్తప్ప అంటే ఎంతటివాళ్లయినా లేచి నడవాల్సిందే.

ఆయన అల్లుడు ముఖేశ్ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మామగారి జబ్బు సంగతి అతనికి పెళ్లిచూపుల రోజునే తెలిసింది, అదీ నోట్లో కేసరి ఉండగా. ముఖేశ్ మేనత్త తిమ్మక్క పెళ్లికూతురు సుధామణి వైపు తిరిగి ఏదో అడగడానికి నోరు తెరిచింది. ఆ మాట బయటికి రాకముందే ముత్తప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"ఏమప్పా పెండ్లికొడుకా! ఆ గడప కాడినుంచి ఈ దొడ్డి గోడ దాకా నాలుగడుగులు నడువు."

ముఖేశ్ గుటక వేయడం మర్చిపోయాడు. "నేనా?"

"మరి నేనా పెండ్లి చేసుకొనేది?"

ముఖేశ్ నడిచాడు. అతని తండ్రి హనుమంతప్ప నడిచాడు. వద్దు వద్దంటూనే తిమ్మక్క నడిచింది. చివరికి పెళ్లిళ్ల పేరయ్య, తనకేం సంబంధం లేదని మొత్తుకుంటూ, రెండుసార్లు నడిచాడు. ముత్తప్ప దొడ్డి గోడ మీద కూర్చుని తీర్పులు చెప్పాడు.

"నాయన కుడికాలు బయటికేస్తాడు. పర్వాలేదు, వయసు. ఆయమ్మకు మడమ నొప్పి ఉంది, దాచిపెట్టినారు. పిల్లోనికి ఉరుకెక్కువ, కుదురు తక్కువ. పెండ్లయితే కుదురుకొంటాడు."

"మేము పిల్లను చూడను వచ్చినామా, పోలీసు ఉద్యోగానికి వచ్చినామా?" అని తిమ్మక్క రొప్పుతూ అడిగింది. ఆ అదిరిపాటులోనే సంబంధం ఖాయం చేసుకుని అందరూ బయటపడ్డారు. పెళ్లికూతురిని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదని దారిలో గానీ హనుమంతప్పకు గుర్తు రాలేదు.

సుధామణి ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. చిన్నప్పుడు గొర్రెల వెంట పోయి బండ మీంచి పడింది. ఈ సంగతి ముత్తప్ప దాచలేదు, పేరయ్యతో ముందే చెప్పి పంపాడు. ముఖేశ్ పెళ్లయిన కొత్తలో దాన్ని గమనించాడు, తర్వాత కాపురంలో పడి పూర్తిగా మర్చిపోయాడు. ఆ మరుపే హోసూరు పక్కన మత్తిగిరిలో కాపురం పెట్టాక అతని కొంప ముంచింది.

పోయిన ఏడాది ముఖేశ్ ఒక పాత జీపు కొన్నాడు. ఫ్యాక్టరీ స్నేహితులంతా ఒక క్లబ్బు పెట్టుకుని, ఆదివారాలు పెళ్లాం పిల్లలతో జీపులేసుకుని డెంకణికోట వైపు గుట్టలెక్కుతారు. ముఖేశ్ పక్క సీటు మాత్రం ఖాళీ. సుధామణి రాదు. ఒక ఆదివారం తలనొప్పి. ఇంకో ఆదివారం దోసెల పిండి పొంగిపోతుంది. మరో ఆదివారం పక్కింటివాళ్ల పిల్లికి బాగాలేదు. ఆమె లేకుండా ఎంత పెద్ద గుట్ట ఎక్కినా అతనికి ఎక్కినట్టే ఉండేది కాదు.

ఆలోచించి ఆలోచించి ముఖేశ్ కారణం కనిపెట్టాడు. జీపు మరీ పొట్టిగా, బీదగా ఉంది. అందుకే ఆమెకు నామోషీ. నాలుగంగుళాలు పైకి లేపి, పెద్ద టైర్లు తొడిగితే తనే వచ్చి కూర్చుంటుంది. వచ్చే ఆదివారం క్లబ్బు వాళ్లు గుట్ట మీద కుటుంబాలతో వంటలు పెట్టుకుంటున్నారు. ఆ రోజు సుధామణి తన పక్కన ఉండి తీరాలి.

"జీపును ఇంకా ఎత్తు చేస్తారా?" అని సుధామణి ఉలిక్కిపడింది.

"నాలుగంగుళాలు!" అన్నాడు ముఖేశ్, ఆమెకు గొలుసు చేయిస్తున్నంత సంబరంగా.

ఆమె లోపలికి పోయింది. పుట్టింటికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున ముఖేశ్ తలుపు తీసేసరికి గుమ్మంలో ముత్తప్ప నిలబడి ఉన్నాడు.

"బండికి కొత్త కాళ్లు కొంటా ఉండావంట కదా అల్లుడా. నన్ను ఇడిసిపెట్టి పోతే మోసపోతావు."

ముఖేశ్ తలుపు పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

ముగ్గురూ కలిసి బైపాసు పక్కన ఉన్న మోహన్‌రాజ్ దుకాణానికి పోయారు. మోహన్‌రాజ్ బండ్లను పైకి లేపడంలో పేరున్న మనిషి. భారీ శరీరం, అంతకన్నా భారీ ఓపిక.

"రెండంగుళాలు లేపితే ముప్పై ఒకటో సైజు టైరు పడుతుంది సార్. నాలుగు లేపితే ముప్పై మూడు. లేపకుండా పెద్ద టైరేస్తే తిప్పేటప్పుడు మడ్‌గార్డుకు రాసుకొంటుంది. నాలుగంగుళాలైతే చూడను గంభీరంగా ఉంటుంది, కానీ మలుపుల్లో ఊగుతుంది. షాక్ అబ్జార్బర్లు కూడా మార్చాల."

ముత్తప్ప ఇందులో ఒక్క ముక్క కూడా వినలేదు. ఒక టైరు ముందు గొంతుక్కూర్చుని దాని గుబ్బల మధ్య వేళ్లు పెట్టి చూస్తున్నాడు.

"పండ్లు బాగుండాయి. దీన్ని నాలుగడుగులు నడిపించప్పా."

"టైరునా?" అన్నాడు మోహన్‌రాజ్.

"మరి నిన్నా? నిన్ను తర్వాత చూస్తాను."

ఎందుకు దొర్లించాడో మోహన్‌రాజ్‌కే తెలియదు. ముప్పై మూడో సైజు టైరు దుకాణం వాలు దిగి, సర్వీసు రోడ్డెక్కి, రోజాపూల బుట్టలు దించుతున్న టెంపోని ఒరుసుకుంటూ పోయింది. పట్టుకోండి, పట్టుకోండి అని తమిళంలో, కన్నడంలో, తెలుగులో కేకలు లేచాయి. ముఖేశ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. టైరు ఎదుటి టీ కొట్టు దాకా పోయి, బెంచీ మీద టీ తాగుతున్నవాళ్ల ముందు ఆగి, కొంచెం ఊగి, మెల్లగా పక్కకు పడుకుంది.

"చూసినావా!" అని ముత్తప్ప మురిసిపోయాడు. "ఒగర్ని తాకలేదు. సాధువు. పొగరనేదే లేదు."

"దానికి పొగరుండాలనే కదప్పా చేసినారు! రాళ్లెక్కే టైరు అది!" అని మోహన్‌రాజ్ మొత్తుకున్నాడు.

"దీని తోబుట్టువులు మూడింటిని తీసిపెట్టు."

ఆ తర్వాత ముత్తప్ప తన తువ్వాలు మోహన్‌రాజ్ చేతి మీద కప్పి, దాని కింద అతని వేళ్లు పట్టుకున్నాడు. సంతలో పొట్టేళ్ల బేరం ఇలాగే నడుస్తుంది, ధర ఎవరి చెవినా పడకుండా, వేళ్లు నొక్కి. మోహన్‌రాజ్‌కి ఆ పద్ధతి తెలియదు. పట్టపగలు, సొంత దుకాణంలో, ఒక పెద్దాయన తన చూపుడువేలు పట్టుకుని పిసుకుతుంటే బిక్కచచ్చిపోయాడు.

"సార్, ఈయన ఏం చేస్తా ఉండాడు?"

"బేరం," అన్నాడు ముఖేశ్ నేల చూపులు చూస్తూ.

"నేను ఒప్పుకొన్నానా?"

"ఇంకా లేదనుకొంటాను."

అప్పుడే ముఖేశ్ కంటికి షెడ్డులో నిలబెట్టిన ఒక జీపు కనబడింది. సరిగ్గా నాలుగంగుళాలు లేపిన బండి. "సుధా, మనదీ ఇట్లనే ఉంటుంది, చూడు!" అన్నాడు. సుధామణి ఆ ఎత్తు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ముత్తప్ప తువ్వాలు లాక్కున్నాడు.

"కొనే ముందు ఎక్కి కూడా చూడాల. టైర్లప్పా, ముందు నువ్వెక్కు."

మోహన్‌రాజ్ ఎక్కబోయి, పొట్ట అడ్డం పడి, సగంలో వేలాడాడు. తర్వాత ఇద్దరు మెకానిక్కులు ఎక్కారు. స్కూటరుకు గాలి పట్టించుకుందామని వచ్చిన ఒక పెద్దమనిషి "నాకు గాలొక్కటే చాలు" అని వేడుకున్నాడు. ఆయనా ఎక్కాడు. ముఖేశ్ మోకాలు తలుపుకు కొట్టుకుని "అమ్మా" అన్నాడు.

"ఒగనికీ ఎక్కను రాదు!" ముత్తప్ప గొంతు బైపాసు దాకా వినిపించింది. "చూడమ్మా సుధా, ఈళ్ల ఎక్కుడు! నువ్వూ ఒగసారి ఎక్కి చూడు."

అందరూ ఇంకా మోహన్‌రాజ్ వేలాడిన తీరు తలచుకుని నవ్వుకుంటున్నారు. సుధామణి పక్క సీటు వైపు నుంచి కుడికాలు లోపల పెట్టింది. నేల మీదున్న ఎడమకాలు ఆమెను పైకి నెట్టలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. కాలు దించేసుకుని చీర సర్దుకుంది. ఎవరూ చూడలేదు, ముఖేశ్ తప్ప.

అతనికి దిమ్మ తిరిగిపోయింది. తలనొప్పి, దోసెల పిండి, పక్కింటి పిల్లి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఉన్న జీపు ఎక్కడమే ఆమెకు కష్టంగా ఉంటే, ఆమె కోసమని తను దాన్ని ఇంకా పైకి లేపుతున్నాడు!

టైరు తెచ్చే వంకతో భార్యను టీ కొట్టుకు తీసుకుపోయి, పడున్న టైరును లేపి పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు సుధా?"

"చెప్తే మీ స్నేహితుల ముందర నన్ను ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు. ఎత్తించుకొనేది నాకిష్టం లేదు."

"మరి మీ నాయనకు చెప్పినావా?"

"జీపు ఎత్తు చేస్తా ఉండారని మాత్రం చెప్పినాను. మిగతాది ఆయనకు చెప్పాల్నా?" సుధామణి నవ్వింది. "ఆయనకు ఈ నడిపించే పిచ్చి పుట్టుకతో వచ్చిందనుకొన్నారా? ముందర గొర్రెల్నే నడిపిస్తా ఉన్నాడు. మీకన్నా ముందు ఒక సంబంధం వచ్చింది. కాలు సంగతి తెలిసే వచ్చినారు. అయినా నన్ను వాకిట్లో అటూ ఇటూ నడవమనిరి. ఇంకోసారి, ఇంకోసారి అనిరి. ఒకాయన నవ్వినాడు కూడా. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా నాయన వాళ్లనే ముందు నడిపించినాడు. పెండ్లోళ్లనే నడిపిస్తే నాకోసమని ఊరికి తెలిసిపోతుంది కదా? అందుకని మంచాన్ని, మిక్సీని, డాక్టర్ని, అందర్నీ నడిపించినాడు. ఊరంతా ఆయన్ను చూసి నవ్వను పట్టింది. నా నడక సంగతే మర్చిపోయినారు."

"ఇదంతా ఆయనే చెప్పినాడా?"

"ఆయనెందుకు చెప్తాడు? నాకు తెలుసని కూడా ఆయనకు తెలీదు."

ముఖేశ్ తలెత్తి చూశాడు. రోడ్డు అవతల ముత్తప్ప గాలి పెద్దమనిషిని మళ్లీ జీపు ఎక్కిస్తున్నాడు. ఇన్నేళ్లూ తను పిచ్చి మామ అని నవ్వుకున్న మనిషి ఈయనే. పరుగెత్తిపోయి ఆయన్ను వాటేసుకోవాలనిపించింది, కానీ అలా చేస్తే తనను మళ్లీ నడవమంటాడని ఆగాడు.

"లేపడమూ వద్దు, టైర్లూ వద్దు. ఇంటికి పోదాం," అన్నాడు.

"ఎందుకు వద్దు? నాలుగంగుళాలే పెట్టించండి."

"ఎట్ల ఎక్కుతావు?"

"అటుపక్కనుంచి. స్టీరింగు పట్టుకొని, మంచికాలుతో తన్నుకొంటే ఎక్కేయొచ్చు. మా ఊర్లో ట్రాక్టరు అట్లనే ఎక్కేదాన్ని."

"అటుపక్క డ్రైవరు కదా కూర్చొనేది!"

"అవును."

ముఖేశ్ చేతిలోంచి టైరు జారి మళ్లీ పడుకుంది. "నీకు బండి తోలను వచ్చా?"

"లైసెన్సు కూడా ఉంది. పెండ్లిచూపుల్లో అడిగుంటే చెప్పుందును. మీరంతా నడస్తా ఉంటిరి."

ఆదివారం పొద్దున గుట్ట కింద క్లబ్బు జీపులు వరసగా నిలబడ్డాయి. వాటన్నిటికన్నా ఎత్తైన దాంట్లోకి సుధామణి స్టీరింగు పట్టుకుని ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. క్లబ్బు వాళ్ల కళ్లు పెద్దవయ్యాయి. వెనక సీట్లో ముత్తప్ప ముందే ఎక్కి కూర్చున్నాడు. మిగిలింది ముఖేశ్. ఎడమవైపు నుంచి కాలు పెట్టాడు, జారాడు. మళ్లీ పెట్టాడు, చెప్పు ఊడి కింద పడింది. అవతలి జీపుల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. తలలు ఒక్కొక్కటే ఇటు తిరగసాగాయి. ముఖేశ్ చెవులు కందిపోయాయి.

వెనక సీట్లోంచి ముత్తప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఎర్ర చొక్కా! దిగు దిగు. ఆ బండ దాకా నాలుగడుగులు నడువు, చూస్తాము. కండ్లద్దాలాయనా, నువ్వూ దిగప్పా. ఏమమ్మా, నువ్వూ!"

క్లబ్బు క్లబ్బంతా నోళ్లు తెరుచుకుని, ఒకరి తర్వాత ఒకరు జీపులు దిగి నడవడం మొదలుపెట్టారు. ఆ సందులో ముఖేశ్ ఎవరి కంటా పడకుండా మోకాళ్ల మీద పాకి సీట్లోకి చేరాడు. సుధామణి గేరు వేసింది.